పాలిష్ తీసేస్తుంది, వ్యాక్స్ కప్పుతుంది: బొగ్గు గనుల ఊళ్లో కారు రంగు కథ

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో రాత్రి ఆరుబయట నిలిపిన కారు బానెట్ మీద పొద్దున వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. వేలికొనకు అంటుకున్నదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపితే మెత్తగా ఉన్నట్టే ఉండి చివర్లో కరకరమంటుంది. బొగ్గు పొడి, బూడిద, రోడ్డు మట్టి, సిమెంటు అన్నీ అందులో ఉంటాయి. ఆఫీసుకు వేళవుతుంది కాబట్టి ఇంటాయన పాత లుంగీ ముక్క తెచ్చి పొడిగానే నాలుగు తుడుపులు తుడుస్తాడు. ఐదు నిమిషాల్లో కారు నిగనిగలాడుతుంది. రెండేళ్లు గడిచేసరికి అదే కారు ఎంత కడిగినా మసకగా కనిపిస్తుంది. అప్పుడు అందరూ చెప్పే మాట ఒకటే: "పాలిష్ పెట్టించు."

ఈ సలహాలో ఒక పెద్ద చిక్కు దాగి ఉంది. మనం పాలిష్ అనే ఒక్క మాటతో రెండు విరుద్ధమైన పనులను పిలుస్తున్నాం. మొదటిది కారు పై పూతను సన్నగా అరగదీసే పని, రెండోది ఆ పూత మీద మరో పొరను కప్పే పని. మొదటిదాన్ని సాన పట్టడం అనుకోండి, రెండోదాన్ని మైనం పూయడం అనుకోండి. కంపెనీలు మొదటిదాన్ని పాలిష్ లేదా కాంపౌండ్ అంటాయి, రెండోదాన్ని వ్యాక్స్ అంటాయి. దుకాణంలో మాత్రం రెండూ పక్కపక్కనే, ఒకే రకం డబ్బాల్లో ఉంటాయి. రెండింటినీ కలిపి ఒకే డబ్బాలో అమ్మే సరుకూ ఉంది. మంచిదని నెలకోసారి పాలిష్ రాసేవాళ్లను నేను చూశాను. వాళ్లు తమ కారును తామే కొంచెం కొంచెంగా అరగదీసుకుంటున్నారు. పాపం, ఆ సంగతి ఎవరూ వాళ్లకు చెప్పలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

అరగదీస్తే ఏమవుతుందో తెలియాలంటే అక్కడ ఏముందో తెలియాలి. కారు రేకు మీద రంగు ఒక్క పొర కాదు. ఉక్కు రేకును ముందుగా ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచుతారు. ఆ తర్వాత మొత్తం బాడీని రంగు తొట్టెలో ముంచి, విద్యుత్తు పంపి, తుప్పు పట్టకుండా ఒక పూత వేస్తారు. దాని మీద ప్రైమర్, ప్రైమర్ మీద అసలు రంగు, అన్నిటికంటే పైన రంగే లేని పారదర్శకమైన పూత ఉంటాయి. ఈ చివరిదాన్నే క్లియర్ కోట్ అంటారు. అన్ని పొరలూ కలిపితే మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. క్లియర్ కోట్ మందం 35 నుంచి 50 మైక్రాన్లే. అంటే మనం చూసి మురిసిపోయే మెరుపు, ఎండను ఆపే శక్తి, వాన నీటిని అడ్డుకునే కవచం, అన్నీ వెంట్రుక కంటే సన్నని పొరలోనే ఉన్నాయి. కింద ఉన్న రంగు చూడటానికి ఎంత గట్టిగా ఉన్నా ఈ పొర పోయిన చోట కొన్నాళ్లకే పాలిపోయి పొడిబారుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే రసాయనాలు క్లియర్ కోట్‌లోనే కలిసి ఉంటాయి కాబట్టి, పొర సన్నబడిన కొద్దీ రంగుకు గొడుగు చిన్నదవుతున్నట్టే.

మన ఇళ్లలో ఇత్తడి సామాను తోమడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇత్తడి చెంబును చింతపండు, బూడిద పెట్టి తరతరాలుగా తోమినా ఏమీ కాదు. పై నుంచి లోపలి దాకా అంతా ఇత్తడే. అదే గిన్నె లోపలి కళాయిని అలా తోమితే కొన్నాళ్లకే అడుగున ఉన్న ఇత్తడి మచ్చలుగా బయటపడుతుంది. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు చెంబు లాంటివి. వాటికి ఒకే రకం రంగును మందంగా వేసేవారు, పైన క్లియర్ కోట్ ఉండేది కాదు. ఎండకు పై రంగు పొడిబారి సున్నంలా చేతికి అంటేది. కాబట్టి ఆ చచ్చిన పొరను పాలిష్‌తో తీసి, కింది తాజా రంగును బయటికి తెచ్చి, మైనం పూయక తప్పేది కాదు. మా పెదనాన్న తరం డ్రైవర్లు ఆరు నెలలకోసారి పాలిష్ అనడం ఆ కార్లకు సరైన మాటే. 1980ల తర్వాత ప్రపంచమంతా క్రమంగా క్లియర్ కోట్ వైపు మళ్లింది. కార్లు మారాయి, అలవాటు మాత్రం మారలేదు. ఇప్పుడు మన ఇంటి ముందున్నది కళాయి గిన్నె. కళాయి పోతే వీధిలోకి వచ్చినవాడు మళ్లీ పూసేవాడు. క్లియర్ కోట్ పోతే మాత్రం షెడ్డులో పెట్టి మొత్తం ప్యానెల్‌కు మళ్లీ రంగు వేయించాల్సిందే.

మీ కారు ఏ రకమో అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. డోరు లోపలి అంచు లాంటి కనిపించని చోట తెల్లని గుడ్డతో కాస్త పాలిష్ రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే అది ఒకే పొర రంగు. మురికి తప్ప ఏమీ అంటకపోతే పైన క్లియర్ కోట్ ఉన్నట్టు.

ఇప్పుడు ఆ మసక సంగతి చూద్దాం. ఉదయం ఏడు గంటలకు, సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడు, నల్ల కారు బానెట్ ముందు నిలబడి ఎండ ప్రతిబింబం చుట్టూ చూడండి. సాలెగూడులా వలయాలు వలయాలుగా సన్నని గీతలు కనిపిస్తాయి. గుండ్రంగా తుడవడం వల్లే ఇలా పడ్డాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వాటిలో వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే కాంతిని మన కంటికి తిప్పి పంపుతాయి, మిగతావి కనబడవు. అందుకే వెలుగు చుట్టూ వలయం ఉన్నట్టు అనిపిస్తుంది. మీరు ఒక అడుగు పక్కకు జరిగితే ఆ వలయం కూడా మీతో పాటే జరుగుతుంది. అసలు గీతలైతే జరగవు కదా! నిలువుగా తుడవండి, అడ్డంగా తుడవండి, దుమ్ము మీద పొడి గుడ్డ వేస్తే గీత పడుతుంది. తెల్ల కారుకూ ఇవే గీతలు ఉంటాయి, కాకపోతే కంటికి ఆనవు.

మన ప్రాంతపు దుమ్ము మామూలు దుమ్ము కాదు. చంద్రపూర్ జిల్లాలో ఓపెన్ కాస్ట్ బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, రాజురా, గడ్‌చాందూర్ వైపు సున్నపురాయి, సిమెంటు పరిశ్రమ అన్నీ ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి. బొగ్గు నిజానికి మెత్తటి పదార్థం. అందులో కలిసి వచ్చే రాతి పొడి మాత్రం గట్టిది. బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినాలే. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కాఠిన్య కొలమానంలో క్వార్ట్జ్ రాయి 7 దగ్గర ఉంటుంది, ఉక్కు చాకు సుమారు 5.5 దగ్గర. క్లియర్ కోట్ ఒక రకం ప్లాస్టిక్ లాంటి రెసిన్, వీటి ముందు అది వెన్న. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పాలిష్ సీసాలో రాపిడి కోసం కలిపే పొడి కూడా ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడే. దాన్ని ఒకే కొలతకు నూరి, జారుడు ద్రవంలో కలిపి ఇస్తారు. లుంగీ ముక్క కింద నలిగే పొడికి కొలతా లేదు, జారుడూ లేదు. అంటే రోజూ పొద్దున మనం చేస్తున్నది కూడా ఒక రకం పాలిషే, కాకపోతే అతి మోటుది.

సిమెంటు దుమ్ము ఇంకో దారిలో దెబ్బతీస్తుంది. దాని మీద మంచు కురిసినా, నాలుగు చినుకులు పడినా అది క్షార గుణంతో గట్టిపడి రంగుకు అతుక్కుపోతుంది. గోటితో గీకితే రంగు కూడా లేస్తుంది. తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఆనించి, నీళ్లతో బాగా కడిగేస్తే చాలావరకు కరుగుతుంది. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేసిన కార్ల మీద కనిపించే తెల్లని గుండ్రటి మచ్చలకూ ఇదే మందు. అవి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. రైలు పట్టాల పక్కన నిలిపే కార్ల మీద ఇంకో రకం కనిపిస్తుంది. బల్లార్షా స్టేషన్ దగ్గర రోజూ నిలిపే తెల్ల కారును దగ్గరగా చూడండి, ఆవగింజలో పదో వంతు ఉండే నారింజ రంగు చుక్కలు ఉంటాయి. రైలు చక్రాలు, బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను రంగులో గుచ్చుకుని తుప్పు పట్టిందన్నమాట. చాలామంది దాన్ని కారు తుప్పు అనుకుని భయపడతారు. ఐరన్ రిమూవర్ అనే ద్రవం చల్లితే ఆ చుక్కల దగ్గర ఊదా రంగు కారుతుంది. ఆ రంగు ఇనుముతో జరిగిన రసాయన చర్య వల్ల వచ్చిందే. ఐదు నిమిషాల్లోపు, ఆరకముందే కడిగేయాలి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు కింద కారు నిలిపేవాళ్లు కూడా జాగ్రత్త పడాలి. ఇప్పపువ్వు నిండా చక్కెరే. రాలిన పువ్వు ఎండకు ఉడికి బంకలా అంటుకుంటుంది. పిట్టల రెట్టలు అంతకంటే ప్రమాదం. ఎండలో మెత్తబడిన క్లియర్ కోట్‌ను ఆ రెట్ట తినేసి, కడిగినా పోని ముద్ర వేస్తుంది. నీళ్లలో తడిపిన గుడ్డను దాని మీద పరిచి నానబెట్టి, రుద్దకుండా ఎత్తేయాలి. సాయంత్రం దాకా ఆగకూడదు.

కాబట్టి ఇంట్లో కారు రంగు కాపాడుకునే పనిలో ముప్పావు వంతు కడగడంలోనే ఉంది. ముందు నీళ్లు ధారగా పై నుంచి కిందికి పోసి వదులుగా ఉన్న దుమ్మును పోగొట్టాలి. ఆ తర్వాత రెండు బకెట్లు. ఒక దాంట్లో కారు షాంపూ, రెండో దాంట్లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ తొడుగును షాంపూలో ముంచి ఒక భాగం కడిగాక, ఉత్త నీళ్ల బకెట్‌లో జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. రెండో బకెట్ అడుగున పది నిమిషాల్లో చేరే నల్లటి ఇసుకను చూస్తే, ఒక్క బకెట్‌తో కడిగితే అదంతా తిరిగి కారు మీదికే వెళ్లేదని అర్థమవుతుంది. పైకప్పు, అద్దాలు, బానెట్ ముందు, చక్రాల పక్కన ఉండే కింది భాగాలు చివర. చక్రాలకు వాడిన గుడ్డ రంగు మీదికి రాకూడదు. బట్టల సబ్బు పొడి వద్దు. గిన్నెలు తోమే ద్రవం కూడా వద్దు, పైన పూసిన వ్యాక్స్ దాంతో కరిగిపోతుంది. తడి ఆరకముందే మందమైన మైక్రోఫైబర్ తువ్వాలును పరిచి అద్దాలి.

వేసవిలో మనకు నీళ్లకు కటకట. నీళ్లు లేని రోజు దుమ్మును అలాగే వదిలేయండి. పొడి దుమ్ము కూర్చున్నంత మాత్రాన రంగుకు గీత పడదు, దాన్ని లాగితేనే పడుతుంది. అద్దాలు మాత్రం తుడుచుకుని బయలుదేరండి. దుమ్ము పట్టిన కారు మీద కవరు వేయడం కూడా పొరపాటే. గాలికి కవరు కదిలినప్పుడల్లా లోపల లుంగీ ముక్క పనే జరుగుతుంది. కవరు వేయాలంటే కడిగి, ఆరిన కారుకే వేయాలి.

కడిగి ఆరిన బానెట్ శుభ్రంగా ఉందనిపిస్తుంది. ఉందో లేదో కన్ను చెప్పలేదు, చెయ్యి చెబుతుంది. పల్చటి ప్లాస్టిక్ కవరులో చెయ్యి పెట్టి రంగు మీద మెల్లగా జరపండి. కవరు వేళ్ల స్పర్శను పెంచి చూపిస్తుంది. గాజులా జారితే సరే. ఇసుక కాగితంలా గరగరలాడితే రంగులో ఇంకా రజను గుచ్చుకుని ఉందన్నమాట. దాన్ని తీయడానికి క్లే బార్ అనే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద దొరుకుతుంది. దాన్ని రొట్టెపిండిలా బిళ్లగా ఒత్తి, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, బరువు వేయకుండా అటూ ఇటూ జరపాలి. గుచ్చుకున్న రజనును అది పట్టి లాగేస్తుంది. ముద్ద నల్లబడగానే మడిచి కొత్త ముఖం తిప్పుకోవాలి. నేల మీద పడితే ఇక దాన్ని పారేయాల్సిందే, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే. ఈ దశను దాటేసి పాలిష్ మొదలుపెడితే ఆ రజను పాలిష్ ప్యాడ్‌లో చిక్కుకుని కొత్త గీతలు గీస్తుంది.

పాలిష్ విషయంలో నేను దెబ్బతిని నేర్చుకున్నాను. నా మొదటి కారుకు మూడేళ్లు నిండినప్పుడు హైవే పక్కన ఒక చోట రబ్బింగ్ పెట్టించాను. గిరగిరా తిరిగే రోటరీ యంత్రంతో గంటలో పని ముగించారు. కారు అద్దంలా వచ్చింది. వారం తర్వాత కడుగుతుంటే బానెట్ మడత అంచున దారమంత సన్నని బూడిద రంగు గీత కనిపించింది. మురికి అనుకుని గోటితో గీకాను. పోలేదు. అది ప్రైమర్. అంచుల మీద, మడతల మీద రంగు సహజంగానే పల్చగా ఉంటుంది, యంత్రం ఒత్తిడి అంతా అక్కడే పడుతుంది, వేడి అక్కడే పుడుతుంది. రోటరీ యంత్రం ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఒక చోట క్షణం ఎక్కువ ఆగితే చాలు. నేర్పరి చేతిలో అది గొప్ప పనిముట్టు. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకు మాత్రం డ్యూయల్ యాక్షన్ యంత్రమే సరి. దాని ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది. ఆ ఆగిపోవడమే మన కారుకు రక్ష.

ఆరేళ్ల తర్వాత మా బావగారి నల్ల కారు అదే స్థితికి వచ్చింది. ఒక ఆదివారం పొద్దున వేపచెట్టు నీడలో, కడిగి, క్లే చేసి, బానెట్ మధ్యలో పై నుంచి కిందికి మాస్కింగ్ టేపు అంటించాను. అంచులకూ మడతలకూ కూడా టేపు వేశాను.

"బావగారూ, ఈరోజు ఎడమ సగమే చేద్దాం," అన్నాను.

"సగం గీసిన గడ్డంతో డ్యూటీకి వెళ్లమంటావా?" అన్నారాయన.

ముందు అరచేతి వెడల్పు చోట పరీక్ష చేశాం. మెత్తటి స్పాంజి ప్యాడ్, అతి సన్నని రాపిడి ఉన్న పాలిష్. ఇదొక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: అన్నిటికంటే మెత్తటిదానితోనే మొదలుపెట్టాలి, దానితో పని జరగకపోతేనే ఒక మెట్టు మోటుదానికి వెళ్లాలి. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు పెట్టి, యంత్రం ఆన్ చేయకముందే రంగు మీద అద్దాం, లేకపోతే పాలిష్ అంతా గోడల మీదికి చిమ్ముతుంది. రెండడుగుల చదరం. సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున, చీమ నడిచినట్టు, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, సగం సగం కలుస్తూ నాలుగైదుసార్లు. యంత్రం బరువే చాలు, చేతి బరువు వేయలేదు. మధ్యమధ్య రంగు మీద చెయ్యి పెట్టి చూశాం. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చురుక్కుమంటే ఆగాలి.

తుడిచాక తళతళలాడింది. కానీ వెంటనే నమ్మకూడదు. పాలిష్‌లో నూనెలు ఉంటాయి, అవి గీతల్లో నిండి వాటిని దాచేస్తాయి. రెండు కడుగులకు నూనె పోగానే గీతలు తిరిగి వస్తాయి. అందుకే ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపి చల్లి, తుడిచి, ఫోను టార్చి పెట్టి చూశాం. అప్పుడు కనిపించేదే నిజం. టేపు తీశాక బావగారు చాలాసేపు వంగి చూశారు. కుడి సగంలో వేపచెట్టు ప్రతిబింబం ఒక పచ్చటి మరకలా ఉంది. ఎడమ సగంలో రెబ్బలు, ఆకులు విడివిడిగా, లెక్కపెట్టగలిగేట్టు ఉన్నాయి. ఒక ఆకు అంచున రంపపు పళ్లు కూడా కనిపించాయి. "రంగేమీ వేయలేదు కదా?" అని ఆయన రెండుసార్లు అడిగారు. వేయలేదు. గీత అంచులను చదును చేశాం, అంతే. గీతల్లో పడి చెల్లాచెదురయ్యే వెలుతురు ఇప్పుడు తిన్నగా తిరిగి వస్తోంది.

ఈ చదును చేయడంలో పోయింది సుమారు ఒకటి రెండు మైక్రాన్లు. మోటు కాంపౌండ్‌తో అయితే ఇంకా ఎక్కువ పోతుంది. నలభై మైక్రాన్లలో రెండు పోతే ఏమవుతుందిలే అనిపించవచ్చు. కానీ మొత్తం నలభై మన సొమ్ము కాదు. పూత ఎండను ఆపడానికి అందులో ఎక్కువ భాగం మిగిలి ఉండాలి. కాబట్టి కారు జీవితకాలంలో నిండుగా పాలిష్ పట్టే అవకాశాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. గోరు గుచ్చుకునేంత లోతైన గీతను పాలిష్‌తో పోగొట్టాలని చూడకండి. దాని అడుగు దాకా చదును చేయాలంటే చుట్టూ ఉన్న పూతనంతా బలి ఇవ్వాలి. ఆ గీతతోనే బతకడం మేలు. యంత్రం లేకుండా చేత్తో చేయవచ్చా అంటే, డోరు హ్యాండిల్ వెనక గోళ్ల గీతల లాంటి చిన్న చోట్లకు చేయవచ్చు. కారు మొత్తం చేత్తో చేస్తే భుజాలు పడిపోతాయి, పని మాత్రం అతుకులబొంతలా ఉంటుంది.

టూత్‌పేస్ట్ గురించి చాలామంది అడుగుతారు. అందులోనూ రాపిడి పొడే ఉంటుంది కాబట్టి చిన్న గీత తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ ఆ పొడి పళ్ల కోసం చేసింది, కారు పూత కోసం కాదు. కిరోసిన్, డీజిల్ గుడ్డతో తుడిస్తే వచ్చే నిగనిగ నూనె మెరుపు. దాని మీద సాయంత్రానికల్లా రెట్టింపు దుమ్ము పట్టుకుంటుంది, పైగా రబ్బరు బీడింగులు పాడవుతాయి.

పాలిష్ అయ్యాక మిగిలేది వ్యాక్స్. ఇది అరగదీయదు, అందుకే ఎన్నిసార్లు పూసినా నష్టం లేదు. కార్ల మైనాల్లో పేరుపొందింది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద ఇది పుడుతుంది. ఎండలో ఆకులోని తేమ ఆవిరి కాకుండా చెట్టు తనకు తానే పూసుకునే కవచం ఇది. సహజ మైనాల్లో అన్నిటికంటే గట్టిది, 82 డిగ్రీలు దాటితే గాని కరగదు. అంత గట్టిదాన్ని చేత్తో పూయలేం కాబట్టి నూనెలు, ద్రావకాలు, ఇతర మైనాలు కలిపి మెత్తబరిచి డబ్బాలో నింపుతారు. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఎండలో నల్ల కారు పైకప్పు మీద చెయ్యి ఆనించలేం. ఆ వేడికి ఈ మెత్తటి మిశ్రమం తొందరగా పలచబడుతుంది. నా అనుభవంలో ఇక్కడ మంచి కార్నౌబా వ్యాక్స్ చలికాలంలో రెండు నెలలు నిలిస్తే, వేసవిలో నెల నిలవడం కూడా కష్టమే. కృత్రిమ పాలిమర్లతో చేసే సీలెంట్ ఇంతకంటే ఎక్కువ కాలం, నాలుగైదు నెలల దాకా నిలుస్తుంది. కార్నౌబాకు ఉండే ఆ తేనె మెరుపు అందులో కాస్త తక్కువ. మన ప్రాంతంలో రోజూ బయట నిలిపే కారుకు నేను సీలెంట్‌నే సూచిస్తాను.

పూసే తీరులో అందరూ చేసే తప్పు ఒకటే, మందంగా పూయడం. పూత మీద నిలిచేది అతి పల్చటి పొర మాత్రమే. మిగిలినదంతా గుడ్డకే పోతుంది. నీడలో, చల్లని రంగు మీద, ఉందా లేదా అన్నంత పల్చగా పూసి, మంచు పట్టిన అద్దంలా మసకబారే దాకా ఆగాలి. వేలితో గీసి చూస్తే ఆ చోటు మరక లేకుండా తేటగా వస్తే తుడవవచ్చు. నల్ల ప్లాస్టిక్ బీడింగులకు తగలనివ్వకండి, ఎండాక తెల్లటి మరకలు పడతాయి. అవి ఒక పట్టాన పోవు. మెరుపు లేని మ్యాట్ రంగు కార్లకు పాలిష్ అసలు పనికిరాదు, మామూలు వ్యాక్స్ కూడా వద్దు.

వ్యాక్స్ ఉందో పోయిందో వాన చెబుతుంది. పూత ఉన్నప్పుడు నీళ్లు తామరాకు మీద బొట్లలా గుండ్రంగా నిలుస్తాయి. పోయాక అవే నీళ్లు పలకలా పరచుకుంటాయి. ఆ గుండ్రటి బొట్లను ఎండలో ఆరనిస్తే మన బోరు నీళ్లలోని సున్నం చుక్కలు చుక్కలుగా మిగులుతుందని మాత్రం మరవకూడదు. వ్యాక్స్ పూసిన కారును కడిగాక తుడవడం ఇంకా ముఖ్యం.

సిరామిక్ కోటింగ్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే చాలా డబ్బు ఇక్కడే పోతుంది. సిలికా ఆధారిత ద్రవాన్ని పూస్తే అది పూత మీద గట్టిపడి, ఏడాది, రెండేళ్లు, కొన్ని ఇంకా ఎక్కువ నిలుస్తాయి. నీటిని, రసాయనాలను బాగా అడ్డుకుంటాయి, కడగడం తేలికవుతుంది. ఇవన్నీ నిజం. కానీ డబ్బా మీద రాసే తొమ్మిది హెచ్ అనే కాఠిన్యం పెన్సిల్ పరీక్షకు చెందిన కొలత. అంటే తొమ్మిది హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని దాని అర్థం. మోస్ కొలమానంలో 9 అంటే కురువిందం, వజ్రం తర్వాతి స్థానం. రెండింటికీ పొంతన లేదు. లుంగీ ముక్క కింద నలిగే రాతి పొడి సిరామిక్ పూతనూ గీస్తుంది. పైగా పూతకు ముందు ఉన్న గీతలు పూత కింద అలాగే ఉండిపోతాయి. కాబట్టి సిరామిక్ వేయించాలనుకుంటే ముందు సరిగ్గా పాలిష్ చేశారో లేదో ఎండలో నిలబడి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

గుద్దుకుని కొత్తగా రంగు వేయించిన ప్యానెల్ సంగతి వేరు. కర్మాగారంలో రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. షెడ్డులో అంత వేడి పెడితే ప్లాస్టిక్ భాగాలు కరిగిపోతాయి కాబట్టి 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు, చిన్న షెడ్లలో అదీ ఉండదు. ఆ రంగులోని ద్రావకాలు వారాల తరబడి మెల్లగా బయటికి పోతూనే ఉంటాయి. రెండు మూడు నెలలు వ్యాక్స్, సీలెంట్ ఏదీ పూయకుండా దానికి ఊపిరి ఆడనివ్వాలి. సిలికాన్ కలిసిన మెరుపు ద్రవాలు వాడిన కారును రంగుకు ఇచ్చేటప్పుడు ఆ సంగతి పెయింటరుకు ముందే చెప్పండి. సిలికాన్ మీద కొత్త రంగు నిలవక చేప కళ్లలా గుంటలు పడతాయి.

మా ఇళ్లలో ఇప్పుడు ఏడాది ఇలా నడుస్తోంది. వానలు వెనకబట్టాక, దసరా దీపావళి మధ్య ఒక ఆదివారం క్లే చేసి, టార్చి పెట్టి చూసి, అవసరమైన చోట మాత్రమే మెత్తటి పాలిష్, తర్వాత సీలెంట్. ఫిబ్రవరి చివర్లో, ఎండ ముదరకముందే, ఇప్పపువ్వు రాలకముందే ఇంకోసారి సీలెంట్, పాలిష్ లేదు. జూన్ మొదటి వారంలో వానలకు ముందు మూడోసారి. మధ్యలో నీళ్లు ఉన్న వారం రెండు బకెట్ల స్నానం, లేని వారం దుమ్ముతోనే. బావగారి బానెట్ కుడి సగం ఆ మరుసటి ఆదివారం పూర్తయింది. పాత లుంగీ ముక్కను మా అక్కయ్య చక్రాలు తుడవడానికని డిక్కీలో విడిగా ఒక సంచిలో పెట్టింది.